2008లో అణు ఒప్పందంపై మన వామపక్షాలు యూపీఏకు మద్దతు ఉపసంహరించుకున్నాయి. ఫిన్లాండ్ లెఫ్ట్ అలయన్స్ మాత్రం నాటో విషయంలో ప్రభుత్వాన్ని ఎందుకు వీడలేదు?

వీడాలన్న వాదన పార్టీలో గట్టిగానే నడిచింది. నాటోకు దరఖాస్తు చేసే ప్రభుత్వంలో ఉండబోమన్నది 2019లో మంత్రివర్గంలో చేరేటప్పుడు వాళ్లు తమకు తాము పెట్టుకున్న షరతే. నేను ఫిన్లాండ్‌లోని ఎస్పూ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఇక్కడి పార్లమెంటు ఎన్నికల్లో నాకు ఓటు లేదు. కానీ మా బృందంలో ఒకాయన ఆ పార్టీ సభ్యుడు కావడంతో 2022 వసంతమంతా కాఫీ విరామాల్లో ఆ గొడవ వింటూనే ఉన్నాను. మామూలుగా ఆఫీసులో రాజకీయాల ఊసెత్తని మనుషులు వీళ్లు!

ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలయ్యాక జనం మనసు వారాల్లోనే మారిపోయింది. ప్రభుత్వ ప్రసార సంస్థ యూలే సర్వేలో నాటోకు మద్దతు ఫిబ్రవరి చివర్లో 53 శాతం ఉంటే, మే నాటికి 76కు చేరింది. రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉన్న దేశం మరి.

మా సహోద్యోగి నాటోకు వ్యతిరేకి. అలాగని రష్యాను వెనకేసుకొచ్చేవాడు కాదు, దురాక్రమణను దురాక్రమణే అనేవాడు. అణ్వాయుధాలపై ఆధారపడే కూటమిలో చేరడం ఆయనకు మింగుడుపడలేదు. అంతకన్నా పెద్ద బాధ టర్కీ. టర్కీలో మైనారిటీ అయిన కుర్దుల పక్షాన మాట్లాడుతూ వచ్చిన పార్టీ, ఆ దేశాధ్యక్షుడు ఎర్డోగాన్‌తో ఒకే కూటమిలో ఎలా కూర్చుంటుందని అడిగేవాడు. జూన్‌లో మాడ్రిడ్‌లో కొన్ని కుర్దు సంస్థలకు మద్దతివ్వబోమంటూ ఫిన్లాండ్, స్వీడన్ టర్కీతో ఒప్పంద పత్రంపై సంతకాలు చేశాక, ఆయన ప్రశ్నకు ఎదురు చెప్పడం నాటో సమర్థకులకూ కష్టమైంది.

అయినా పార్టీ చీలలేదు. అప్పటి నాయకురాలు లీ ఆండర్సన్ రెండు ప్రశ్నలను విడదీయడమే దానికి కారణమని నా అభిప్రాయం. 2022 మే 7న పార్టీ మండలి తేల్చింది నాటో మంచిదా చెడ్డదా అని కాదు. దరఖాస్తు చేసినా ప్రభుత్వంలో ఉండాలా వద్దా అని. ఉండాలని 52 మంది, వద్దని 10 మంది. నాటోపై ఓటు ఎంపీల ఇష్టానికి వదిలేశారు. మే 17న పార్లమెంటులో దరఖాస్తు 188–8తో నెగ్గింది. ఆ 8 మందిలో 6 మంది లెఫ్ట్ అలయన్స్ వాళ్లే. ఆండర్సన్ అనుకూలంగా ఓటు వేశారు.

మన 2008తో పోలిక ఇక్కడే కుదరదు. మన వామపక్షాలు బయటినుంచి మద్దతిచ్చాయి, వదులుకోవడానికి మంత్రి పదవులు లేవు, అరవై మంది ఎంపీల బలంతో ప్రభుత్వాన్ని పడగొట్టగలమన్న నమ్మకం ఉంది. 200 మంది సభలో 16 మంది ఉన్న లెఫ్ట్ అలయన్స్ తప్పుకుంటే దరఖాస్తు ఆగేది కాదు. విద్య, సామాజిక ఆరోగ్య శాఖలు మాత్రం చేజారేవి.

2023 ఎన్నికల్లో సీట్లు 16 నుంచి 11కు పడిపోతే, నాటోయే ముంచిందని కొందరు అన్నారు. నేను నమ్మను. కుడిపక్ష పార్టీలను ఆపాలని చాలామంది వామపక్ష ఓటర్లు అప్పటి ప్రధాని సన్నా మారిన్ నడిపిన సోషల్ డెమోక్రాట్ పార్టీకి మళ్లారు. 2024 యూరోపియన్ ఎన్నికల్లో అదే లెఫ్ట్ అలయన్స్ 17.3 శాతం ఓట్లతో 3 సీట్లు గెలిచింది. ఆ ప్రచారంలో నా చెవిన పడిందంతా ప్రభుత్వం జనానికిచ్చే సంక్షేమ భత్యాల కోతల గురించే.