స్టిరాయిడ్లు ఇచ్చినా మా చెల్లిలో మార్పు లేదు.. ఈ మెదడు వాపు తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా చెల్లికి 22 ఏళ్లు. నెల క్రితం జ్వరం, తలనొప్పి వచ్చి నాలుగు రోజుల్లో తగ్గాయి. ఆ తర్వాత నిద్రపోవడం మానేసింది. అందరి మీదా అనుమానం, తనలో తనే మాట్లాడుకోవడం మొదలైంది. మానసిక వైద్యుడికి చూపిస్తే ఇంజెక్షన్, మాత్రలు ఇచ్చారు. రెండు రోజులకే ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయింది. తర్వాత ఫిట్స్ వచ్చాయి. హైదరాబాద్ తీసుకొస్తే వెన్నునీరు పరీక్ష చేసి 'ఎన్‌ఎండీఏ యాంటీబాడీ పాజిటివ్' అన్నారు. 5 రోజులు స్టిరాయిడ్ ఎక్కించారు. అది అయిపోయి 10 రోజులైనా మాట లేదు. ఏదో నములుతున్నట్టు నోరు ఆడిస్తూనే ఉంది. బంధువులేమో గాలి సోకిందంటున్నారు. పెళ్లి సంబంధం కూడా కుదిరి ఉంది. ఇది తగ్గే జబ్బేనా? వంశంలో వచ్చేదా? - ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: తగ్గే జబ్బే. వంశపారంపర్యంగా వచ్చేది కాదు. కాకపోతే నెమ్మదిగా తగ్గుతుంది. స్టిరాయిడ్ పూర్తయ్యాక 10 రోజులు మార్పు కనిపించకపోవడం ఈ జబ్బులో మామూలే. అలాగని చేతులు కట్టుకుని కూర్చునే సమయం కూడా కాదిది. అక్కడి న్యూరాలజిస్టును ఈరోజే రెండు విషయాలు అడగండి: తర్వాతి విడత మందులు ఎప్పుడు మొదలుపెడతారు? అండాశయాల్లో గడ్డ ఉందేమో చూశారా?

ముందు జబ్బు సంగతి చెబుతాను. ఈ మెదడువాపు పేరు యాంటీ-ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్. మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకోవడానికి వాడే ప్రధాన రసాయనం గ్లూటమేట్. దాన్ని అందుకునే ప్రొటీన్లలో ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఒకటి. దీని మధ్య దారికి మామూలుగా మెగ్నీషియం గడియలా అడ్డం ఉంటుంది. గ్లూటమేట్, గ్లైసిన్ రెండూ అతుక్కుని, కణం అప్పటికే ఉత్తేజితమై ఉంటేనే ఆ గడియ తొలగి కాల్షియం లోపలికి వెళుతుంది. కొత్తది నేర్చుకోవడం, జ్ఞాపకం, ఆలోచనలో పొందిక దీని మీదే ఆధారపడి ఉంటాయి. మీ చెల్లెలి రోగనిరోధక వ్యవస్థ ఈ ప్రొటీన్‌లోని గ్లూఎన్1 అనే భాగం మీద యాంటీబాడీలు తయారుచేసింది. అవి రిసెప్టర్లను జతలు జతలుగా పట్టేస్తాయి. అలా పట్టుబడ్డ రిసెప్టర్లను కణం ఉపరితలం నుంచి లోపలికి లాగేసుకుంటుంది. మత్తుమందు కెటమిన్ అడ్డుకునేది కూడా ఈ ప్రొటీన్‌నే. అది తక్కువ మోతాదులో ఇచ్చినా భ్రమలు కలుగుతాయి, ఎక్కువైతే మనిషి బిగుసుకుని స్పందన లేకుండా ఉండిపోతాడు. మీ చెల్లిలో కనిపించిన వరస దాదాపు అదే. జోసెప్ డాల్మౌ బృందం 2007లో ఈ యాంటీబాడీని గుర్తించేదాకా ఇలాంటివారిలో చాలామంది మానసిక రోగులుగానో, కారణం తెలియని మెదడువాపు రోగులుగానో మిగిలిపోయేవారు.

మీకు ధైర్యం ఇవ్వాల్సిన విషయం ఒకటుంది. ఈ యాంటీబాడీలు రిసెప్టర్లను తగ్గిస్తాయే గానీ కణాలను నేరుగా చంపవు. యాంటీబాడీలు తగ్గితే కణం మళ్లీ రిసెప్టర్లను పైకి తెచ్చుకుంటుంది. దానికి వారాలు, నెలలు పడతాయి.

మొదట చూసిన మానసిక వైద్యుడిని తప్పుపట్టకండి. ఈ జబ్బున్నవారిలో ఎక్కువమంది మొదట వెళ్లేది మానసిక వైద్యుల దగ్గరికే. ఎమ్మారై కూడా మూడింట రెండొంతుల మందిలో మామూలుగానే ఉంటుంది. అయితే భ్రమలు, అనుమానాలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ వంటి మందులు వీరికి సరిపడవు. ఒళ్లు బిగుసుకోవడం, జ్వరం పెరగడం జరుగుతాయి. ఆ ఇంజెక్షన్ పేరు కనుక్కుని కేసు షీటు మీద పెద్దక్షరాలతో రాయించండి. నిద్రకు, బిగువుకు లోరజెపామ్ మేలు. ఫిట్స్‌కు లెవెటిరాసెటామ్ ఇస్తుంటే అది కొందరిలో చిరాకు, కోపం పెంచుతుందని గుర్తుంచుకోండి. దాన్ని మార్చాల్సి వస్తే వాల్‌ప్రోయేట్ మాత్రం పెళ్లీడు ఆడపిల్లలకు సాధ్యమైనంతవరకు వద్దు, గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది.

ఇక చికిత్స. మొదటి విడతలో మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఇస్తారు. దానితోపాటు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) గానీ, ప్లాస్మా మార్పిడి (యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసి వేరే ద్రవం ఎక్కించడం) గానీ చేయాలి. మీ ఉత్తరంలో స్టిరాయిడ్ మాత్రమే ఉంది. ఐవీఐజీ మోతాదు కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాములు, 5 రోజులు. అంటే 50 కిలోల మనిషికి మొత్తం 100 గ్రాములు, 5 గ్రాముల సీసాలైతే 20. ఖరీదైన మందు కాబట్టి కొనేముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీలో ఏ మేరకు వస్తుందో అడగండి. ప్లాస్మా మార్పిడి అయితే రోజు విడిచి రోజు 5 నుంచి 7 సార్లు. ఐవీఐజీ ఎక్కించిన వెంటనే ప్లాస్మా మార్పిడి చేస్తే ఎక్కించిన మందు చాలావరకు బయటికి పోతుంది. రెండూ చేయాలనుకుంటే ప్లాస్మా మార్పిడే ముందు జరగాలి.

వీటికి సుమారు రెండు వారాల్లో స్పందన లేకపోతే, యాంటీబాడీల తయారీకి మూలమైన తెల్లకణాలను తగ్గించే రిటుక్సిమాబ్ అనే మందుకు వెళతారు. చదరపు మీటరుకు 375 మిల్లీగ్రాముల లెక్కన వారానికోసారి 4 వారాలు, లేదా 1 గ్రాము చొప్పున రెండు వారాల తేడాతో రెండుసార్లు. కొందరికి రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు కూడా కావాలి. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్-బి, క్షయ పరీక్షలు తప్పనిసరి. ఇక్కడొక చిక్కుంది. ఐవీఐజీ ఇచ్చాక రక్తం తీస్తే దాతల యాంటీబాడీల వల్ల హెపటైటిస్-బి పరీక్ష ఒకటి తప్పుగా పాజిటివ్ చూపించవచ్చు. అందుకే ఐవీఐజీకి ముందే రక్తం తీసి ఉంచమనండి.

అండాశయం విషయం ఎందుకు అడగమన్నానంటే, 577 మంది రోగులతో 2013లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో 38 శాతం మందికి గడ్డ ఉంది, దాదాపు అన్నీ అండాశయంలోని టెరటోమాలే (రకరకాల కణజాలాలు కలిసి పెరిగే గడ్డలు). రిపోర్టులో 'డెర్మాయిడ్' అని రాసేదీ చాలావరకు ఇదే. అందులో మెదడు కణజాలం కూడా ఉంటుంది, దాని మీద మొదలైన దాడే తలదాకా వస్తుంది. పెళ్లికాని అమ్మాయి కాబట్టి పొట్ట మీద నుంచి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌తోనే సరిపెట్టి ఉండవచ్చు. చిన్న గడ్డలు అందులో తప్పిపోతాయి. పొత్తికడుపు ఎమ్మారై చేయించండి. గడ్డ ఉంటే అది తీసేదాకా మందులు సరిగా పనిచేయవు. చాలాసార్లు అండాశయం ఉంచి గడ్డ మాత్రమే తీయవచ్చు. లేకపోయినా ఆరు నెలలకోసారి కనీసం రెండేళ్లు, వీలైతే నాలుగేళ్లు చూపించుకోవాలి.

గుండె వేగం, బీపీ ఉన్నట్టుండి పెరగడం, పడిపోవడం, శ్వాస మందగించడం ఈ దశలో ఎప్పుడైనా జరగవచ్చు. మానిటర్ ఉన్న పడక కావాలి. తాయెత్తు కడతామంటే కట్టనివ్వండి, దానికోసం వార్డు నుంచి మాత్రం కదల్చనివ్వకండి. నోటి కదలికలతో నాలుక, పెదవులు కొరుక్కుంటారు, నర్సుకు చూపించండి. మింగడం సరిగా లేనప్పుడు చెంచాతో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మెరుగయ్యేటప్పుడు జబ్బు వచ్చిన వరస తిరగబడుతుంది. ముందు శ్వాస, స్పృహ, తర్వాత మాట, కదలికలు కుదుటపడతాయి. ఆ దశలో అనుమానాలు, కోపం మళ్లీ కొన్నాళ్లు కనిపించవచ్చు. జబ్బు తిరగబెట్టిందని కంగారుపడకండి. జ్ఞాపకం, ఏకాగ్రత అన్నిటికన్నా చివర. ఆసుపత్రి రోజులు తనకు గుర్తుండవు. ఆ అధ్యయనంలో రెండేళ్ల నాటికి 81 శాతం మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. సుమారు 6 శాతం మంది చనిపోయారు, అదీ దాచడం లేదు.

పెళ్లి మాట ఇప్పుడు వద్దు. ఏడాది, ఏడాదిన్నర ఆగమనండి. రిటుక్సిమాబ్ తీసుకుంటే చివరి మోతాదు తర్వాత 12 నెలలు గర్భం రాకూడదు. సైక్లోఫాస్ఫమైడ్ అండాలను దెబ్బతీయగలదు కాబట్టి మొదలుపెట్టేముందే గైనకాలజిస్టుతో మాట్లాడాలి.

మీ ఉత్తరం చదివి, ఇంట్లో ఎవరికి మానసిక సమస్య ఉన్నా ఈ పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బులో కూడా ఈ ప్రొటీన్ పనితీరు తగ్గుతుందన్న సిద్ధాంతం ఉంది గానీ, అది ఈ యాంటీబాడీల వల్ల కాదు. వారాల్లో ముదిరిన మార్పుతో పాటు ఫిట్స్, మాట పడిపోవడం, వింత కదలికలు, స్పృహ తగ్గడం ఉంటేనే అనుమానించాలి. అప్పుడైనా రక్తం ఒక్కటే చాలదు, వెన్నునీటిలో ఐజీజీ రకం యాంటీబాడీ కనిపించాలి.

రెండేళ్లలో సుమారు 12 శాతం మందికి తిరగబెడుతుంది. ఇంటికెళ్లాక వరుసగా రెండు రాత్రులు నిద్ర లేకపోయినా, మాట తడబడినా, కొత్తగా అనుమానాలు మొదలైనా డిశ్చార్జి సమ్మరీ పట్టుకుని నేరుగా న్యూరాలజిస్టు దగ్గరికే తీసుకెళ్లండి.