క్రెడిట్ కార్డు లిమిట్ మీ డబ్బు కాదు సార్

ప్రశ్న: నా వయసు 34. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. జీతం 32,000. భార్య, ఐదేళ్ల బాబు ఉన్నారు. అద్దె, ఇంటి ఖర్చు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు కలిపి 21,000, చిట్టికి 5,000 పోను నెలకు 6,000 మిగులుతాయి. వేసవి సెలవుల్లో మాత్రం రెండు నెలలు సగం జీతమే ఇస్తారు. యూట్యూబ్ చూసి చెక్క పని మీద ఇష్టం పెరిగింది. ఈ సెలవుల్లో మేడ మీద మొదలుపెడదామని చెక్క కోసే, చదును చేసే కరెంటు యంత్రాలు, అంటే టేబుల్ సా, మైటర్ సా, ప్లేనర్, రౌటర్, డ్రిల్ అన్నీ కలిపి చూస్తే 1,48,000 తేలింది. 48,000 క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ పెడతాను. లక్ష రూపాయలు లోన్ యాప్‌లో 24 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటాను, దరఖాస్తు కూడా పెట్టాను. స్టూళ్లు, షెల్ఫులు చేసి అమ్మితే ఈఎంఐలు వెళ్లిపోతాయి. ఇబ్బంది అయితే లక్ష చిట్టి పాడుకుంటాను. అది 20 నెలల చిట్టి, 12 నెలలు కట్టాను. సేవింగ్స్‌లో 18,000 ఉన్నాయి. అత్యవసరానికి 90,000 లిమిట్ ఉన్న కార్డు ఉంది. 5 లక్షల ఆరోగ్య బీమా, 50 లక్షల టర్మ్ పాలసీ, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్ అయ్యే ప్రమాద బీమా కూడా ఉన్నాయి. ముందుకెళ్లొచ్చా?

జవాబు: వద్దు. చెక్క పని వద్దని కాదు, ఈ లెక్కతో వద్దు.

మీ ఉత్తరంలో ఒక్క మాట కోసమే దీన్ని ఎంచుకున్నాను: 'అత్యవసరానికి కార్డు ఉంది'. నా దగ్గరికి వచ్చే జీతగాళ్లలో చాలామంది ఇదే మాట అంటారు. లిమిట్ అంటే బ్యాంకు మీకు ఇవ్వడానికి ఒప్పుకున్న అప్పు. తనకు ఇష్టం లేనప్పుడు దాన్ని తగ్గించే హక్కు కూడా బ్యాంకుదే. జీతం ఆగిపోయిన నెలలో కార్డు గీకితే వచ్చే నెల బిల్లు దేంతో కడతారు? పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. విచిత్రం ఏమిటంటే, ఆ లిమిట్‌లోంచే మీరు 48,000 యంత్రాలకు వాడేస్తున్నారు. నో కాస్ట్ ఈఎంఐ పెట్టగానే అంతమేరకు లిమిట్ బ్లాక్ అవుతుంది. అంటే మీరు అత్యవసర నిధి అనుకుంటున్నది కూడా 42,000కు పడిపోతుంది. పేరులో నో కాస్ట్ అని ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ బిల్లులో కనిపిస్తాయి, చూసుకోండి.

నెలకు 6,000 మిగులుతుందన్నారు. అది పది నెలల మాట. సగం జీతం వచ్చే రెండు నెలల్లో చేతికొచ్చేది 16,000, ఖర్చు 26,000. నెలకు పది వేల చొప్పున 20,000 లోటు. పది నెలల్లో మిగిలిన 60,000లోంచి అది తీసేస్తే ఏడాదికి మీకు నిజంగా మిగిలేది 40,000. ఇప్పుడు ఈఎంఐలు చూడండి. కార్డుకు నెలకు 8,000 చొప్పున ఆరు నెలలు. యాప్ లోనుకు నెలకు దాదాపు 5,290 చొప్పున రెండేళ్లు. మొదటి ఏడాదే 1,11,000 దాటుతుంది. పైగా మొదటి కిస్తీలు పడేది సరిగ్గా సగం జీతం నెలల్లోనే! రోజూ పిల్లలకు లెక్కలు చెప్పే మీరు ఈ ఒక్క లెక్క ఎందుకు వేసుకోలేదో నాకు అర్థం కాలేదు.

'అమ్మితే వెళ్లిపోతాయి' అన్న మాట మీద నాకు ఓపిక తక్కువ. ఇంకా ఒక్క స్టూలు కూడా చేయలేదు మీరు. కలప, ఫెవికాల్, పాలిష్, పాడైన ముక్కలు, మీ ఆదివారాలు, ఇవేవీ ఆ అంచనాలో లేవు. అప్పు కట్టడానికి అమ్మాల్సి వచ్చిన రోజు అది సరదా కాదు, రెండో ఉద్యోగం.

ఇక అసలు విషయం, అత్యవసర నిధి. ప్రైవేటు టీచర్‌కి దీని అవసరం నేను చెప్పాలా? కరోనాలో బడులు మూతపడ్డప్పుడు ఏమైందో మీకు తెలుసు. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించాల్సి వచ్చింది. ఎంతోమంది సార్లు, మేడమ్‌లు కూలికి పోయారు, కూరగాయలు అమ్మారు. అలాంటి కాలం మళ్లీ రాకపోయినా, మీకు ఏటా రెండు నెలలు చిన్న కరోనా వస్తూనే ఉంది.

పైగా మీరు ఎంచుకున్న సరదాలో తిరిగే రంపం ఉంది. బీమాలు తీసుకున్నారు, సంతోషం. కానీ అవి ఎక్కడ ఆగిపోతాయో చూడండి. వేలికి రంపం తగిలితే ఆరోగ్య బీమా ఆస్పత్రి బిల్లు చూసుకుంటుంది. కట్టుతో ఇంట్లో కూర్చున్న నెలన్నర జీతం ఇవ్వదు. 20 రూపాయల ప్రమాద బీమాలో పాక్షిక వైకల్యానికి లక్ష ఇస్తారు గానీ, అందుకు ఒక కంటి చూపో, ఒక చెయ్యో, ఒక కాలో పూర్తిగా పోవాలి. వేలు పోతే రూపాయి రాదు. విడిగా వ్యక్తిగత ప్రమాద పాలసీ తీసుకుంటే వేళ్లకూ కొంత శాతం ఉంటుంది. దరఖాస్తులో యంత్రాలతో చెక్క పని చేస్తానని దాచకుండా రాయండి. ఏ పాలసీ తీసుకున్నా క్లెయిమ్ డబ్బు వచ్చేదాకా అద్దె, పాలు, బాబు ఫీజు ఆగవు. వాటికి దిక్కు మీ ఖాతాలో ఉన్న సొంత డబ్బే.

చిట్టి అయిపోయాక మీ నెల ఖర్చు 21,000. అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు పెట్టుకోవాలంటే 1,26,000 కావాలి. యంత్రాలకు మీరు వేసుకున్న దానికంటే తక్కువే. సగం దారి ఇప్పటికే నడిచారు కూడా. చిట్టి ఇప్పుడు పాడకండి. తొందరపడి పాడితే తగ్గించుకుని ఎత్తాలి. చివరిదాకా ఆగితే కమీషన్ 5 శాతం అనుకున్నా 95,000 చేతికొస్తుంది. ఈ ఎనిమిది నెలల్లో వేసవి లోటు పోను మరో 16,000 మిగులుతుంది. అందులో 6,000 పనిముట్లకు ఖర్చు పెట్టుకోండి. మిగతా పది వేలు, ఉన్న 18,000, చిట్టి డబ్బు కలిపితే 1,23,000. నిధి దాదాపు నిండినట్టే. అయితే ఆ చిట్టి రిజిస్టర్ అయిందో, కాలనీలో ఎవరో నమ్మకం మీద నడిపేదో రాయలేదు. రెండోదైతే డబ్బు చేతికొచ్చేదాకా దాన్ని లెక్కలో పట్టుకోకండి. వచ్చాక ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో ఉంచి, మిగతాది యూపీఐతో కలపని వేరే ఖాతాలో ఎఫ్‌డీ చేయండి.

ఆ 6,000కు ఒక చేతిరంపం, రెండు ఉలులు, చిన్న చిత్రిక, మూలమట్టం, సుత్తి, రెండు క్లాంపులు, ఒక మామూలు డ్రిల్ చూసుకోండి. ఖరీదైనవి వద్దు. కలప కొనకండి. సామిల్లులో మిగిలిన మామిడి ముక్కలు, ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చాలు. తుమ్మ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు, నాగళ్లకూ బండ్లకూ వాడిన గట్టి చెక్క అది, కొత్త చేతికి లొంగదు. సెలవుల్లో వారం పది రోజులు తెలిసిన వడ్రంగి దగ్గర కూర్చుంటే ఇంకా మంచిది. అద్దె ఇంటి మేడ మీద టేబుల్ సా మోగితే ఓనర్ ఎన్నాళ్లు ఊరుకుంటాడో కూడా ఆలోచించండి. నిధి నిండాక, అప్పటికీ ఇష్టం నిలిస్తే, నెలనెలా మిగిలే దాంతో ఒక్కో యంత్రం నగదుకే కొనుక్కోండి.

బంగారం తాకట్టు పెడదామని అనుకుంటుంటే, వడ్డీ యాప్ కంటే తక్కువే, కానీ సరదా కోసం ఇంట్లో ఆవిడ నగలు కదిలించకండి. చేతివృత్తులవాళ్లకు కేంద్రం ఇచ్చే విశ్వకర్మ పథకం ఆ వృత్తి మీద బతికేవాళ్లది, మీకు కాదు.

యాప్‌లో పెట్టిన దరఖాస్తు ఈ రోజే రద్దు చేయండి. డబ్బు ఇప్పటికే ఖాతాలో పడి ఉంటే ముట్టుకోకండి. లోను పత్రాల్లో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే వద్దనుకుంటే లోను వెనక్కి ఇచ్చేసే గడువు, ఎన్ని రోజులో రాసి ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అది కనీసం ఒక రోజైనా ఉండాలి. ఆ లోపు అసలు, ఆ రోజులకు వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడతారు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. ఈఎంఐల కోసం ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి కూడా బ్యాంకు యాప్‌లో రద్దయిందో లేదో చూసుకోండి.