రోస్టర్ రిజిస్టర్ పట్టుకోబోతున్న బిడ్డకు

చిరంజీవి సుజాతకు పెద్దనాన్న ఆశీస్సులు.

నల్లగొండ ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు నువ్వే అడిగి తీసుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంతోషం సగం, భయం సగం. రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇంక్రిమెంట్లు, సెలవులు, సర్వీసు రిజిస్టర్లు చేస్తూ ఉంటే వచ్చేస్తాయి. చార్జి తీసుకునేటప్పుడు ప్రతి రిజిస్టరులోనూ పేజీలు లెక్కపెట్టి సంతకం చెయ్యి. నా బెంగంతా రోస్టర్ రిజిస్టర్ మీదే. ఏ వరుస నంబరు పోస్టు, అంటే ఏ పాయింటు, ఏ వర్గానిదో, అందులో ఎవరు చేరారో రాసే పుస్తకం అది.

నేను పాలమూరులో ఆ సీటుకు వెళ్లేసరికి అందులో ఒక తప్పుడు రాత ఉంది. దేవరకొండ వైపు ఎస్సీ అబ్బాయి ఒకడు, వయసు సడలింపు కూడా వాడుకోకుండా ఓపెన్ మెరిట్‌లో ఎంపికయ్యాడు. ఎంపిక జాబితాలోనూ అలాగే ఉంది. నాకు ముందున్న గుమాస్తా ఆ జాబితా తిరగేయలేదు. కులం సర్టిఫికెట్ చూసి, ఎస్సీ పాయింటు ఎదుట అతని పేరు రాసేశాడు. ఆ ఒక్క గీతతో ఎస్సీలకు రావలసిన పోస్టు భర్తీ అయినట్టు లెక్క తేలింది, తర్వాతి నోటిఫికేషన్‌లో ఆ ఖాళీ చూపనే లేదు. దాని కోసం చదువుకుంటున్న ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగింది. నేను నోట్ పెట్టాను. ఫైలు కదిలి, రాత సరిదిద్ది, ఖాళీ మళ్లీ లెక్కలోకి వచ్చేసరికి ఆమెకు వయోపరిమితి దాటిపోయింది. ఆ అబ్బాయిని సెక్షన్‌లో "కోటావాడు" అనేవారు. పాపం, ర్యాంకు కార్డు జిరాక్సు ఎప్పుడూ టేబుల్ సొరుగులోనే పెట్టుకునేవాడు. అది ఎవరికో చూపించాల్సిన అవసరం అతనికి ఎందుకు రావాలి?

మెరిట్‌తో జనరల్ పోస్టుకు ఎంపికైనవారిని కోటాలో లెక్కించకూడదని 1995లో సభర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ ఒకటి నీ టేబుల్ మీదే ఉంచుకో. రిజర్వేషన్ల వల్ల ఆఫీసులో పని చెడుతుందని నీ ముందే అంటారు. నేను చూసినంతలో పని చెడింది తప్పుడు రోస్టర్ వల్ల. ఎవరో ఒకరు కోర్టుకు వెళ్తారు, నియామకాలు ఆగుతాయి, ఇద్దరి పని ఒక్కరి మీద పడుతుంది, చివరికి అధికారే సంజాయిషీ రాసుకోవాలి.

పాత చార్టులను నమ్మకు. మన తెలంగాణలో ఎస్టీల 6 శాతం కోటా 2022లో 10 శాతం అయింది. ఎస్సీల 15 శాతం 2025 ఏప్రిల్ నుంచి మూడు గ్రూపులకు 1, 9, 5గా పంచారు. ఏ గ్రూపో సర్టిఫికెట్‌లో చూసి రాయి, ఇంటిపేరును బట్టి ఊహించకు.

నీకు తొందర ఎక్కువ బిడ్డా. ఇంటర్ పరీక్షకు హాల్‌టికెట్ మరిచి మీ నాన్నను బస్టాండు నుంచి వెనక్కి పరుగెత్తించావు. ఇక్కడ ఆ తొందర పనికిరాదు. పై అధికారి "ముందు సంతకం పెట్టు, తర్వాత చూద్దాం" అంటే, జాబితా చూశాకే పెడతానని మర్యాదగా చెప్పు. కోప్పడితే పడనీ. మధ్యాహ్నం తిండి మాత్రం మానకు, మీ పెద్దమ్మ మరీ మరీ రాయమంది.

నా దగ్గర రోస్టర్ జీవోల కట్ట ఉంది. దసరాకు అచ్చంపేట వచ్చినప్పుడు తీసుకుపో.

నీ పెద్దనాన్న