గే, ద్విలైంగిక పురుషుల్లో ఎయిడ్స్ సంబంధిత క్యాన్సర్లు ఎందుకు ఎక్కువ?

హెచ్‌ఐవీకి మందులు సరిగా వాడుతున్నా గే పురుషుల్లో క్యాన్సర్ ఎక్కువని చదివి భయం పట్టుకుందని మీరు రాశారు. ఇది లైంగికత వల్ల వచ్చేదేనా, డాక్టరుకు మన సంగతి చెప్పి తీరాలా అని అడిగారు. లైంగికత వల్ల వచ్చేది కాదు. కానీ చెప్పి తీరాలి. చెప్పకపోవడం వల్ల నేను దాదాపు నాలుగు నెలలు పోగొట్టుకున్నాను.

నేను ద్విలైంగికుణ్ని, పెళ్లయినవాణ్ని. పన్నెండేళ్ల కిందట ఎడమ అరికాలి వంపులో చిటికెనవేలి గోరంత ఊదారంగు మచ్చ కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. చెప్పు కరిచిందనుకున్నాను. చూసిన డాక్టరు పెళ్లయిందా అని అడిగారు, అయిందన్నాను. ఇంకేమీ అడగకుండా కమిలిన దెబ్బ అని పంపేశారు. కమిలిన చోటు రోజులు గడిచేకొద్దీ ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతుంది కదా. ఇది మారలేదు, పైగా పక్కనే ఇంకొకటి లేచింది. చివరికి మరో డాక్టరు బయాప్సీ తీయించారు. కపోసి సార్కోమా అని తేలింది, చర్మం మీద ఇలాంటి మచ్చలుగా కనిపించే క్యాన్సర్. అదే వారం హెచ్‌ఐవీ కూడా బయటపడింది. (నా భార్యకు నెగెటివ్ వచ్చింది. ఇంట్లో ఆ తర్వాత జరిగింది వేరే కథ.)

ఆ జబ్బును 1872లో వియన్నాలో మోరిట్జ్ కపోసి వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం అది ముసలివాళ్లకు అరుదుగా వచ్చే జబ్బుగానే ఉండేది. 1981 జులైలో న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మంది గే పురుషుల్లో కనిపించిందన్న నివేదిక వచ్చింది. వాళ్లు మత్తు కోసం పీల్చే నైట్రైట్‌ల వల్లనేమో అని మొదట్లో అనుమానించారు. చిక్కుముడి విప్పింది మాత్రం లెక్కలే. 1990లో అమెరికా ఎయిడ్స్ రోగుల వివరాలు పోల్చి చూస్తే, గే, ద్విలైంగిక పురుషుల్లో సుమారు 21 శాతానికి కపోసి సార్కోమా ఉంది. రక్త ఉత్పత్తుల ద్వారా హెచ్‌ఐవీ సోకిన హిమోఫిలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగుల్లో అది 1 శాతమే. ఇద్దరికీ కూలిపోయింది ఒకే రోగనిరోధక శక్తి అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? హెచ్‌ఐవీతో పాటు ఇంకేదో క్రిమి, ముఖ్యంగా లైంగిక సంబంధాల ద్వారా, తిరుగుతోందని అప్పుడే ఊహించారు. 1994లో యువాన్ చాంగ్, ప్యాట్రిక్ మూర్ దాన్ని పట్టుకున్నారు. అది హెర్పిస్ కుటుంబానికి చెందిన వైరస్, హెచ్‌హెచ్‌వీ-8. ఎక్కువగా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. ఆఫ్రికాలో కొన్నిచోట్ల ఇదే వైరస్ చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల నుంచి సోకుతుంది. అక్కడ ఆడవాళ్లకూ పిల్లలకూ కూడా ఈ క్యాన్సర్ వస్తుంది. అంటే కారణం ఆ వైరస్, లైంగికత కాదు. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

ఎయిడ్స్‌తో వచ్చే మరో క్యాన్సర్, తెల్ల రక్తకణాల్లో పుట్టే నాన్-హాడ్జికిన్ లింఫోమా విషయంలో హెచ్‌ఐవీ ఏ దారిన సోకిందన్నదానితో పెద్దగా తేడా కనిపించలేదు. అక్కడ ప్రధానంగా లెక్కకొచ్చేది రోగనిరోధక శక్తి ఎంత పడిపోయిందన్నదే. 1996 నుంచి హెచ్‌ఐవీని అణిచే మందుల కలయికలు (ఏఆర్‌టీ) వచ్చాక ఈ రెండు క్యాన్సర్లూ బాగా తగ్గాయి. నా మచ్చలు కూడా ఏఆర్‌టీ మొదలుపెట్టిన ఏడాదిలోపే వెలిసిపోయాయి, కీమో అవసరం పడలేదు. అందరికీ అలా కుదరదు.

నేను మీకు అసలు చెప్పాలనుకున్నది మలద్వార క్యాన్సర్ గురించి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వస్తే ఎయిడ్స్ అని తేల్చే క్యాన్సర్ల లాంఛనమైన జాబితాలో ఇది లేదు. కానీ ఇప్పుడు మనవాళ్లు భయపడాల్సింది దీనికే. కారణం హెచ్‌పీవీ అనే, లైంగిక సంబంధాల ద్వారా సోకే వైరస్, అందులోనూ 16వ రకం. సాధారణ జనంలో ఏటా లక్షకు ఒకటి రెండు కేసులుంటే, హెచ్‌ఐవీ ఉండి పురుషులతో సంబంధాలున్న పురుషుల్లో సుమారు 85. హెచ్‌ఐవీ లేని గే, ద్విలైంగిక పురుషుల్లో 19 దాకా ఉంటుంది. మందులతో రక్తంలో హెచ్‌ఐవీ పరీక్షకు అందనంతగా తగ్గినంత మాత్రాన ఈ ముప్పు పూర్తిగా పోదు.

ఈ లెక్కల్లో నాలాంటివాళ్లకు ఒక మెలిక ఉంది. క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీల్లో లైంగికత రాయరు. అందుకని మన్‌హాటన్ వంటి చోట్ల పాత అధ్యయనాలు పెళ్లికాని మగవాళ్లనే గే పురుషులకు బదులుగా లెక్కించాయి. వాళ్లకు వేరే దారి లేదు, తప్పు పట్టను. కానీ పెళ్లయిన ద్విలైంగికులు ఆ జల్లెడలోంచి జారిపోయారు. నా అరికాలు చూసిన డాక్టరు పట్టుకున్నదీ ఆ జల్లెడే.

అందుకే రెండో డాక్టరుకు అంతా చెప్పాను. ఆయన పంపినచోట నాకు మలద్వారం లోపల సన్నని గొట్టంలోంచి చూసే పరీక్ష చేశారు. లోపల ఎసిటిక్ ఆమ్లం పూస్తే తేడాగా ఉన్న చోటు తెల్లగా తేలుతుంది. చల్లగా అనిపించడం, కొంచెం మంట, గోడ మీద గడియారం చూస్తూ పడుకోవడం గుర్తున్నాయి. క్యాన్సర్ కాదు గానీ అటు నడుస్తున్న కణాలున్నాయన్నారు. కాల్చి తీసేశారు. వారం రోజులు కూర్చోవడం కష్టమైంది. అలా ముందే తీసేయడం వల్ల ఫలితం ఉంటుందని 2022లో వచ్చిన యాంకర్ అధ్యయనం చూపింది. 35 ఏళ్లు నిండిన, హెచ్‌ఐవీ ఉన్న నాలుగు వేల మందికి పైగా అందులో ఉన్నారు. చికిత్స పొందినవాళ్లలో క్యాన్సర్ 57 శాతం తక్కువగా వచ్చింది.

మీ వయసు 35 దాటితే ఈ పరీక్ష గురించి అడగండి. అది అందుబాటులో లేకపోతే కనీసం ఏటా మలద్వారాన్ని వేలితో పరీక్షించమనండి. హెచ్‌పీవీ టీకా సంగతీ కనుక్కోండి. గది తలుపు మూశాక మొదటి వాక్యంగా "నాకు పురుషులతో సంబంధాలున్నాయి" అనేయండి. నేను ఆ మాట ఇంట్లో అద్దం ముందు మూడుసార్లు చెప్పుకుని వెళ్లాను.