కొత్త మౌస్ కొనే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఏదో ఖరీదైన మౌస్ కొంటానంటున్నావని అక్క చెప్పింది. కాస్త ఆగు. మొన్న వేళచ్చేరి వచ్చినప్పుడు నీ వెనకే కూర్చుని నువ్వు వాలరెంట్ (ఆ తుపాకుల గేమ్) ఆడటం చూశాను కదా, లోపం మౌస్‌లో లేదు. నువ్వు నడుస్తున్నంతసేపూ క్రాస్‌హెయిర్, అదే తెర మధ్యలో ఉండే గురి గుర్తు, నేల మీదే ఉంటోంది. మూల తిరగగానే ఎవడైనా కనిపిస్తే దాన్ని కాళ్ల దగ్గర్నుంచి తల దాకా లాక్కురావాలి, నువ్వు లాగేలోపు వాడు కాల్చేస్తున్నాడు. అదే తల ఎత్తులో, గోడ అంచుకి కొంచెం పక్కగా, వాడు ఎక్కడ బయటపడతాడో అక్కడ ముందే పెట్టుకుని నడిస్తే చాలాసార్లు మౌస్ కదపక్కర్లేదు, క్లిక్ చేస్తే చాలు. మేము నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే పాత తుపాకుల గేమ్ ఆడే రోజుల్లో బంతి మౌస్‌లే ఉండేవి, లోపలి రోలర్లకు పట్టిన మురికిని గోటితో గీకి మరీ కూర్చునేవాళ్లం, అయినా హెడ్‌షాట్ (తలకే గుండు) కొట్టేవాడు కొట్టేవాడే.

ఇంకోటి, పరిగెడుతూ కాల్చకు. కదులుతుంటే గుండ్లు గురి పెట్టిన చోటికి పోవు. వాలరెంట్‌లో కీ వదిలితే త్వరగానే ఆగుతావు, కౌంటర్ స్ట్రైక్‌లో అయితే వెళ్తున్న వైపుకి వ్యతిరేక దిశ కీ ఒక్కసారి తట్టి ఆగాలి. ఆగు, తర్వాత కాల్చు.

ఇక నీ సెన్సిటివిటీ, అంటే మౌస్ ఎంత జరిపితే గేమ్‌లో చూపు ఎంత తిరుగుతుందన్నది. మౌస్‌లో వేగం సెట్టింగ్ అయిన డీపీఐ 1600, దాని మీద గేమ్‌లో 0.8 పెట్టుకున్నావు, అంటే మౌస్ 10 సెంటీమీటర్లు జరిపితే చాలు, చుట్టూ ఒక రౌండ్ తిరిగిపోతావు. అలా ఉంటే దూరంగా ఉన్న తలకాయ మీద నిలపడం ఎవడివల్లా కాదు. 800 మీద 0.35 పెట్టి చూడు, అదే రౌండ్‌కి దాదాపు 47 సెంటీమీటర్లు పడుతుంది. 800ని 0.35తో గుణిస్తే 280, పెద్ద టోర్నమెంట్లు ఆడేవాళ్లు ఎక్కువమంది 200 నుంచి 400 మధ్యే ఉంటారు. మొదట్లో చేయి బరువుగా అనిపిస్తుంది, వెనక్కి తిరగలేక చస్తావు, టీమ్‌వాళ్లు తిడతారు, తిట్టనీ. కనీసం మూడు వారాలు ఆ అంకెల్ని ముట్టుకోకు. ఓడిన ప్రతిసారీ అంకె మార్చడం రోజుకో స్ట్రైకర్‌తో క్యారమ్స్ ఆడినట్టే ఉంటుంది.

ఇంత తక్కువలో మణికట్టుతో పని జరగదు, మోచేతి నుంచి కదలాలి. కాబట్టి ఆ కీబోర్డు పక్కకి జరిపి, ఆ డబ్బుతో కొత్త మౌస్ కాకుండా, మౌస్ కింద వేసే పెద్ద క్లాత్ ప్యాడ్ ఒకటి కొనుక్కో. మన చెన్నై ఉక్కకి చెమట పట్టి ప్యాడ్ జిగురుగా తయారవుతుంది, నెలకోసారి సబ్బునీళ్లతో కడిగి నీడలో బాగా ఆరబెట్టు. పౌడర్ మాత్రం చల్లకు, మౌస్ అడుగున అంతా అట్టకడుతుంది.

విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ దగ్గర టిక్కు తీసెయ్, అది చేతి వేగాన్ని బట్టి పాయింటర్ కదిలే దూరాన్ని మార్చేస్తుంది. నీ మానిటర్ 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది అన్నావు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అది 60 దగ్గరే ఉందేమో చూసుకో, చాలామంది డబ్బులు పోసి కొని ఇది మర్చిపోతారు.

ప్రాక్టీసు అంటావా, మ్యాచ్‌కి ముందు పావుగంట రేంజ్‌లో (గేమ్‌లోనే ఉండే ప్రాక్టీసు చోటు) బాట్ల మీద, అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మల మీద. వేగం కోసం తాపత్రయపడకు, ఒక్క గుండుకి ఒక్క తల, అంతే. తర్వాత ఒక డెత్‌మ్యాచ్ (టీమ్ లేకుండా అందరూ అందర్నీ కాల్చుకునే ఆట), స్కోరు చూడకుండా. గురి సాధన చేయించే ఎయిమ్ ల్యాబ్ అనే ప్రోగ్రామ్ ఉచితమే, కావాలంటే ఆడుకో, కానీ అందులో మార్కులు పెరిగితే వాలరెంట్‌లో ర్యాంకు పెరుగుతుందని లెక్కలేసుకోకు. మణికట్టు నొప్పి పుడితే ఆ రోజుకి ఆపెయ్, ఇందులో మొండితనం పనికిరాదు.

ఆదివారం వస్తాను. ఈలోపు నువ్వు చచ్చిన రౌండ్లు రికార్డు చేసి పెట్టు. గెలిచినవి నాకొద్దు.

మావయ్య