కొలతకు నిలబడే ఫొటో

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఫోరెన్సిక్ ఫొటోగ్రఫీ, అంటే నేరం జరిగిన చోట (సీన్‌లో) ఆధారాల ఫొటోలు తీసే పని, నేర్చుకోవాలంటే ముందు ఏ కెమెరా కొనాలని అడిగావు. ఆ ముచ్చట రెండు ముక్కల్లో తేల్చేద్దాం. 24 మెగాపిక్సెళ్లది ఏదైనా చాలు, సెకండ్ హ్యాండ్ అయినా సరే. మిగిలిన డబ్బు చిన్న వస్తువుల్ని బాగా దగ్గర నుంచి తీసే 60 లేదా 100 ఎం.ఎం. మాక్రో లెన్సుకీ, మంచి ట్రైపాడ్‌కీ, కెమెరా నుంచి విడదీసి చేత్తో పట్టుకునే ఫ్లాష్‌కీ పెట్టు. కోఠిలో ట్రైపాడ్ కొనేటప్పుడు అక్కడే కెమెరా బిగించి, లెన్సు నేలకేసి చూసేలా తిప్పించు. బరువుకి మెల్లగా జారిపోతుంటే ఆ ట్రైపాడ్ వదిలెయ్.

ఇంకొకటి, అన్నిటికంటే చవకైనది, అందరూ చులకన చేసేది: ఏ.బి.ఎఫ్.ఓ. నంబర్ 2 అనే ఎల్ ఆకారపు స్కేలు. దాని మీద గుండ్రాలు ఊరికే వెయ్యలేదు. ఫొటోలో ఆ గుండ్రం కోడిగుడ్డులా కనిపించిందంటే కెమెరా వాలిందని అర్థం. రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కూర్చున్న నిపుణుడు నేరం జరిగిన ఇంటి గడప తొక్కి ఉండడు. నీ ఫొటోలోంచే చెప్పు పొడవు లెక్కకట్టాలి. కాబట్టి నువ్వు తీసేది ఫొటో అనుకోకు, కొలత అనుకో.

సీన్‌కి వెళ్లగానే గుమ్మం దగ్గర ఆగు. నంబరు కార్డులు, స్కేళ్లు ఏవీ పెట్టకముందు ఉన్నదున్నట్టు మొదట తీయాలి. ఒకసారి ఏదైనా కదిలిందంటే ఆ స్థితి మళ్లీ రాదు. మొట్టమొదటి ఫ్రేమ్‌లో పలక: క్రైమ్ నంబరు, తేదీ, టైము, చోటు, తీస్తున్నవాళ్ల పేరు. తర్వాత వీధి, గేటు, ఇంటి నంబరు. దగ్గర్లో మెట్రో పిల్లర్ ఉంటే దాని నంబరు తప్పకుండా తియ్యి. మన ఊళ్లో అడ్రసు పట్టుకునేది దానితోనే కదా.

గదిలో నాలుగు మూలల నుంచి, ఒక్కోసారి ఎదుటి మూలని చూస్తూ, కంటి ఎత్తులో తియ్యి. ఒక ఫ్రేమ్ అంచు పక్క ఫ్రేమ్‌లో కొంచెం కలవాలి. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ సైజు సెన్సర్ ఉన్న) కెమెరాలో 24 ఎం.ఎం. కంటే వెడల్పు లెన్సు వాడకు; చిన్న గది ఫంక్షన్ హాల్ అయిపోతుంది. బీరువా అద్దం, టీవీ తెర చూసుకో, వాటిలో ఫ్లాష్‌తో పాటు నువ్వూ పడతావు.

ఆ తర్వాతది మధ్య దూరం ఫొటో. కొత్తవాళ్లు ఎక్కువగా దాటేసేది ఇదే. దూరం నుంచి గది తీస్తారు, దగ్గర నుంచి కత్తి తీస్తారు. ఆ కత్తి ఈ గదిలోదే అని చెప్పే ఫొటో మాత్రం ఉండదు. కత్తితో పాటు కదలని వస్తువు ఒకటి, తలుపు చట్రమో, వంటగట్టు మూలో, ఒకే ఫ్రేమ్‌లో ఉండాలి. రెండూ నీకు ఇంచుమించు సమాన దూరంలో ఉండేలా పక్కకి జరిగి నిలబడు. ఒకదాని వెనక ఒకటి వచ్చేలా తీస్తే మూడడుగుల ఎడం అరడుగులా కనిపిస్తుంది. ఇక దగ్గర ఫొటో రెండుసార్లు: ముందు స్కేలు లేకుండా, తర్వాత స్కేలుతో. మొదటిది లేకపోతే ‘ఆ స్కేలు కింద ఏం దాచారు?’ అని డిఫెన్సు లాయరు అడుగుతాడు, అడగాలి కూడా.

ఇప్పుడు మట్టిలో చెప్పు ముద్ర. బిడ్డా, ఇది కుదిరితే మిగతా పని సగం వచ్చినట్టే.

కెమెరా ముద్రకు సరిగ్గా నిట్టనిలువుగా పైన ఉండాలి. లెన్సు మధ్యభాగం ముద్ర మధ్యలోకి చూడాలి, సెన్సర్ తలం ముద్ర తలానికి సమాంతరంగా ఉండాలి. నేల ఏటవాలుగా ఉంటే కెమెరా కూడా అంతే వాలాలి, స్పిరిట్ లెవెల్ బుడగ చూసి మోసపోకు. స్కేలు ముద్ర పక్కన, ముద్ర అడుగు ఎంత లోతులో ఉందో అంతే లోతులో ఉండాలి. పక్కనే చిన్న గాడి తీసి అందులో దించు. పైన మట్టి మీద పెడితే ఏమవుతుందో లెక్క చూడు: కెమెరా ముద్ర అడుగుకి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, స్కేలు అడుగుకంటే 2 సెంటీమీటర్లు పైన ఉంది. స్కేలు దగ్గరైంది కాబట్టి మూడు శాతానికి పైగా పెద్దగా పడుతుంది. దాంతో కొలిస్తే 28 సెంటీమీటర్ల ముద్ర 27 చిల్లరే వస్తుంది. తేడా 9 మిల్లీమీటర్లు. బూట్ల సైజుల మధ్య ఎడం ఎనిమిదిన్నరే. అంటే 9వ నంబరు వాడు 8వ నంబరు వాడైపోయాడు.

వెలుతురు పక్క నుంచి రావాలి. కెమెరా మీద ఫ్లాష్ పెట్టి కొడితే లోతంతా చదునైపోయి ముద్ర మట్టిలో కలిసిపోతుంది. ఫ్లాష్ చేత్తో పట్టుకుని, తక్కువ లోతు ముద్రకైతే నేలకు బాగా దగ్గరగా 10–15 డిగ్రీల్లో, లోతు ముద్రకైతే 30–45 డిగ్రీల్లో కొట్టు. లోతు ముద్రకి మరీ కిందనుంచి కొడితే గోడల నీడలో అడుగంతా మునిగిపోతుంది. దూరం ఐదడుగులు ఉంచు. ఎందుకంటే, అరమీటరు నుంచి కొడితే 30 సెంటీమీటర్ల ముద్రలో దగ్గరి కొస మాడిపోతుంది, ఆవలి కొసకి వెలుతురు నలభై శాతమైనా చేరదు. ఒకటిన్నర మీటర్ల నుంచైతే డెబ్బై శాతం దాకా చేరుతుంది. నాలుగు దిక్కుల నుంచీ ఒక్కో ఫొటో తియ్యి. ఒక దిక్కులో కనిపించని గీత ఇంకో దిక్కులో లేచి నిలబడుతుంది. ట్రైపాడ్ కాలి నీడ ముద్రలో పడకుండా చూసుకో.

సెట్టింగులు: మాన్యువల్, ఐ.ఎస్.ఓ. (వెలుతురుకి సెన్సర్ స్పందించే తీవ్రత) 100, లెన్సు రంధ్రం ఎఫ్/11 నుంచి ఎఫ్/16, షటర్ 1/125 సెకను. రంధ్రం ఇంకా చిన్నది చేసి ఎఫ్/22కి పోతే ఫోకస్‌లో ఉండే లోతు పెరిగినా అంచులు మెత్తబడతాయి. మన ఎండాకాలం మధ్యాహ్నమైతే నల్ల గొడుగో అట్టముక్కో పట్టించి ముద్ర మీద నీడ చెయ్యి, లేకపోతే నీ ఫ్లాష్ ఎండ ముందు దివిటీయే. ఫోకస్ మాన్యువల్‌గా ముద్ర అడుగు మీద పెట్టు. పడిన ఆకు, గడ్డిపోచ ముందు తీసి పారెయ్యకు. వాటితో ఒక సెట్ తీశాకే చెయ్యి పెట్టు.

షాబాద్ బండల మీద దుమ్ము ముద్రకైతే లైట్లన్నీ ఆర్పి టార్చి నేలకు ఆనించి పెట్టు. నిలబడి చూస్తే ఏమీ లేని బండ మీద పాదం తేలుతుంది.

స్టీలు గ్లాసు మీద వేలిముద్ర వేరే తలనొప్పి. వంపు వల్ల ఒకే ఫొటోలో అంతా ఫోకస్‌లోకి రాదు, కొంచెం కొంచెం తిప్పుతూ ముక్కలుగా తియ్యి. చదునైన మెరిసే వస్తువుకైతే లెన్సుకీ వస్తువుకీ మధ్య మామూలు గాజుపలక 45 డిగ్రీల్లో పెట్టి, పక్క నుంచి లైటు వెయ్యి. మెరుపు సమంగా పరుచుకుని గీతలు నల్లగా విడిపోతాయి. అంగుళానికి వెయ్యి పిక్సెళ్లు లక్ష్యంగా పెట్టుకో. 24 మెగాపిక్సెళ్లలో ఫ్రేమ్ వెడల్పు ఇంచుమించు 6000 పిక్సెళ్లు, అంటే ఫ్రేమ్‌లో ఆరు అంగుళాలకి మించి పట్టకూడదు.

లూమినాల్, అంటే రక్తపు జాడ మీద చల్లితే చీకట్లో నీలంగా వెలిగే రసాయనం, అన్నిటికంటే ఆఖర్న. చీకటి చెయ్యకముందే ఫోకస్ పెట్టి మాన్యువల్‌లో బిగించెయ్. ఎఫ్/2.8, ఐ.ఎస్.ఓ. 800 లేదా 1600, 30 సెకన్లతో మొదలుపెట్టు. నీలి వెలుగు చూసి రక్తమని రాసెయ్యకు, బ్లీచింగ్‌కీ రాగికీ కూడా అలాగే వెలుగుతుంది.

ఫైళ్ల సంగతి. రా (సెన్సర్ నుంచి వచ్చింది వచ్చినట్టుండే ఫైలు), జేపెగ్ రెండూ తియ్యి. మసకగా వచ్చినదైనా ఒక్కటీ డిలీట్ చెయ్యకు, మధ్యలో నంబరు మాయమైతే దానికి జవాబు నీ దగ్గర ఉండదు. కెమెరా గడియారం ముందే సరిచెయ్యి. అసలు ఫైలు ముట్టుకోకు, దిద్దుబాటు కాపీలోనే, చేసిన ప్రతిదీ రాసిపెట్టు. డిజిటల్ ఫైళ్లు కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ అడిగే సెక్షన్ ఒకటుంది: 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ పాత సాక్ష్య చట్టం 65బి స్థానంలో వచ్చింది. దాని సర్టిఫికెట్‌లో ఫైలు హాష్ విలువ, అంటే ఫైలులో చిన్న మార్పు జరిగినా మారిపోయే వేలిముద్ర లాంటి సంకేతం, రాయాలి. కార్డు నుంచి కాపీ చేసిన వెంటనే హాష్ తీసుకో, వారం తర్వాత కాదు. ఏడేళ్లు, ఆపైన శిక్షపడే కేసుల్లో ఫోరెన్సిక్ నిపుణులు సీన్‌కి వెళ్లాలని, వీడియో తీయించాలని నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 176(3) అంటోంది కాబట్టి, ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఇక పెరిగేదే.

ఈ వారం మీ వంటగదిని సీన్ అనుకుని మొత్తం తియ్యి. ఆ ఇల్లు చూడని స్నేహితురాలికి ఫొటోలు ఇచ్చి, గది ప్లాను కాగితం మీద గీయమను. ఆమె ఎక్కడ తడబడిందో అక్కడ నీ మధ్య దూరం ఫొటో లేదు. తర్వాత పెరట్లో తడిమట్టి మీద చెప్పు ముద్ర వేసి, స్కేలు ఒకసారి పైన, ఒకసారి గాడిలో పెట్టి రెండుసార్లు తియ్యి. కంప్యూటర్ మీద కొలిచి ఆ చెప్పుతో పోల్చు. ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆదివారం ఇంటికి తీసుకురా. వాట్సాప్‌లో పంపావంటే పిండేసి పంపుతుంది, నేను చూడను.

నీ మామయ్య