ఎనిమిది నైట్రోజన్ల క్యూబ్ చేతికొస్తే?

క్యూబేన్ అంటే ఒక్కో మూలలో ఒక కార్బన్ ఉన్న క్యూబ్ ఆకారపు అణువు. అందులో 8 కార్బన్లు (వాటి హైడ్రోజన్లతో సహా) తీసేసి 8 నైట్రోజన్లు పెడితే ఏమవుతుందని అడిగారు. పేపర్ మీద బ్రహ్మాండంగా ఉంటుంది. ఆక్టాఅజాక్యూబేన్ అని పేరు కూడా పెట్టేశారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

నేను హైదరాబాద్‌లో ఫార్మా ఆర్ అండ్ డీలో పని చేస్తాను. లోసార్టాన్, వల్సార్టాన్ లాంటి బీపీ మందుల్లో నాలుగు నైట్రోజన్లు, ఒక కార్బన్ ఉన్న టెట్రజోల్ రింగ్ ఉంటుంది. దానికోసం సోడియం అజైడ్ వాడతాం. అందులో వరసగా ఉన్నవి మూడే నైట్రోజన్లు. ఆ మూడింటికే ఎంత మర్యాదో చూడండి: పొడి తీయడానికి స్టీలు స్పాచులా ముట్టించం, ప్లాస్టిక్‌దే. డీసీఎం (డైక్లోరోమీథేన్ అనే ద్రావణి, అజైడ్‌తో కలిస్తే పేలే పదార్థం పుడుతుంది) సీసా ఆ హుడ్ దరిదాపుల్లో ఉండకూడదు. యాసిడ్ తగిలితే హైడ్రజోయిక్ యాసిడ్ అనే విషపు, పేలే ఆవిరి లేస్తుంది. అందుకే వర్కప్ (రియాక్షన్ అయ్యాక సరుకు వేరు చేసే పని) రోజు మా సీనియర్ జోకులెయ్యడు.

ఇక మీ క్యూబ్ సంగతి. అందులో 12 సింగిల్ బాండ్లు, ఒక్కోటీ మోల్‌కి సుమారు 160 కిలోజౌళ్ళు. అవి తెగి నాలుగు నైట్రోజన్ అణువులైతే వచ్చే ట్రిపుల్ బాండ్ ఒక్కోటీ 945. లెక్కేసుకోండి, ఒక మోల్‌కి, అంటే 112 గ్రాములకి, దాదాపు 1,860 కిలోజౌళ్ళు మిగులు. అంతే బరువు టీఎన్‌టీ ఇచ్చేదానికి నాలుగు రెట్లు. 90 డిగ్రీలకి వంచిన కోణాల స్ట్రెయిన్ (ఆ వంపులో దాగిన అదనపు శక్తి) ఇంకా కలపలేదు. కార్బన్ క్యూబేన్‌లోనూ అదే వంపు, అయినా 1964లో ఈటన్, కోల్ చేసి చూపించారు, బుద్ధిగా సీసాలో కూర్చుంది. కార్బన్‌కి తెగి పారిపోవడానికి అంత సుఖమైన చోటు లేదు మరి.

ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం తేల్చే పరీక్ష) మాత్రం చాలా తేలిక. ఎనిమిదీ ఒకేలాంటివి కనక ఒకే పీక్, నిన్న చేరిన ట్రెయినీ కూడా స్ట్రక్చర్ చెప్పేస్తాడు. కాకపోతే శాంపిల్ ట్యూబ్‌లో, ట్యూబ్ మెషీన్‌లో, మెషీన్ బిల్డింగ్‌లో ఉండాలి. పొల్యూషన్ బోర్డు వాళ్ళు వంక పెట్టలేరు: బయటికొచ్చేది గాలిలో 78 శాతం ఉన్న నైట్రోజనే. కిటికీ అద్దాలు వేరే లెక్క.

మరీ నవ్వేసే విషయం కూడా కాదండోయ్. 2025లో జర్మనీలోని గీసెన్‌లో ఆరు నైట్రోజన్ల అణువుని నిజంగానే పట్టుకున్నారు. అది క్యూబ్ కాదు, గొలుసు. దాన్ని మైనస్ 263 డిగ్రీల దగ్గర ఆర్గాన్‌లో బంధించారు. మా క్యూఏ (నాణ్యత చూసే) వాళ్ళకి ఈ ముక్క చెప్పకండి. 40 డిగ్రీలు, 75 శాతం తేమ, 6 నెలల స్టెబిలిటీ డేటా ఏదీ అంటారు, అదీ మూడు బ్యాచ్‌లకి.